బంతికో లెక్క, పడవకో లెక్క: వేగం కొలవడానికి ఏ పద్ధతి ఎంచుకోవాలి?

మొన్న సంక్రాంతికి అక్కావాళ్ల ఊరు వెళ్లాను. బ్యాగు దించకముందే మా మేనల్లుడు ఫోన్ తెచ్చి ముఖం ముందు పెట్టాడు. "మావయ్యా, నా బౌలింగ్ స్పీడ్ చూడు, నూట ఆరు!" వాడు ఇంటర్ మొదటి సంవత్సరం. వీడియోలో బంతి చెయ్యి వదిలిన క్షణాన్నీ, బ్యాటర్ దగ్గరికి చేరిన క్షణాన్నీ గుర్తుపెడితే యాప్ వేగం చెబుతుంది. గంటకి 106 కిలోమీటర్లని చూపిస్తోంది. మెచ్చుకుని ఊరుకుంటే పోయేది. నేను టేపు తెమ్మన్నాను.

వాళ్లు ఆడేది కోత అయిపోయిన చేలో. దుబ్బులు చెక్కి, నీళ్లు చల్లి, తొక్కి పిచ్ చేసుకున్నారు. అంత కష్టపడ్డవాళ్లు దూరం మాత్రం అంగలేసి పెట్టుకున్నారు, అదీ జట్టులో అందరికంటే పొట్టివాడి చేత. అసలు పిచ్ మీద ఈ చివరి గీత నుంచి ఆ చివరి గీతకి 17.68 మీటర్లుంటుంది. యాప్ కూడా అంతే ఉందనుకుని లెక్కేసింది. టేపు పెడితే 15 మీటర్లు తేలింది. బంతికి పట్టింది 0.6 సెకను. పదిహేనుని 0.6తో భాగిస్తే సెకనుకి 25 మీటర్లు, అంటే గంటకి 90 కిలోమీటర్లు. పదహారు కిలోమీటర్లు గాలికి పోయాయి. సాయంత్రం దాకా వాడు నాతో మాట్లాడలేదు.

యాప్ లెక్క తప్పలేదు, దానికి అందిన దూరం తప్పు. నేను పిల్లలకి లెక్కలు, సైన్సు ట్యూషన్ చెబుతాను. జీపీఎస్ మంచిదా, వీడియో మంచిదా, స్టాప్‌వాచ్ చాలా అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నా సమాధానం ఒకటే. ఆ వస్తువుని ఎంతసేపు చూడగలం, ఎంత దూరం కొలిచి పెట్టుకోగలం అన్నదే పద్ధతిని తేలుస్తుంది. పరికరం ఖరీదు తర్వాతి మాట.

ముందు చూడాల్సింది శాతం

దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం వస్తుంది. పాఠ్యపుస్తకాల్లో దీన్ని వడి అంటారు, దిశ కూడా చెబితేనే వేగం. ఇక్కడ నేను జనం అనుకునే మాటే వాడుతున్నాను. మీటర్లు, సెకన్లలో వచ్చినదాన్ని 3.6తో గుణిస్తే గంటకి కిలోమీటర్లలోకి మారుతుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. పద్ధతి ఎంచుకునేటప్పుడు పనికొచ్చేది మాత్రం ఇంకో లెక్క: మన పొరపాటు ఎంత శాతం?

కన్ను చూశాక వేలు కదలడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. మొదట్లోనూ చివర్లోనూ ఆలస్యం సరిగ్గా ఒకటే అయితే ఒకదానితో ఒకటి పోతుంది. కానీ మన వేలు అంత నిక్కచ్చి కాదు. మొత్తం మీద 0.2 సెకను అటూ ఇటూ అవుతుందనుకుందాం. రెండు సెకన్ల పరుగులో అది పది శాతం. ఇరవై సెకన్ల పరుగులో ఒక్క శాతం. గడియారం అదే, వేలూ అదే, చూసిన సేపు ఒక్కటే మారింది. దూరానిదీ ఇదే కథ. ముప్ఫై మీటర్లలో ఒక జానెడు తేడా వచ్చినా ఒక శాతం లోపే ఉంటుంది. మూడు మీటర్లలో అదే జానెడు ఏడెనిమిది శాతం అవుతుంది.

కాబట్టి పది సెకన్లకి మించి చూడగలిగిన దేనికైనా నేను చేతి స్టాప్‌వాచే వాడతాను. ఒకటి రెండు సెకన్లలో అయిపోయేదానికి వీడియో. ఆ మధ్యలో ఉన్నదైతే, ఫోన్ తీసేముందు దూరాన్ని ఇంకాస్త పెంచే వీలుందేమో చూస్తాను.

ఇంకో విషయం కూడా ముందే తేల్చుకోవాలి. మీకు కావలసింది సగటు వేగమా, ఆ క్షణాన ఉన్న వేగమా? అమలాపురం నుంచి రాజమండ్రికి సుమారు 65 కిలోమీటర్లు. బస్సుకి రెండు గంటలు పడితే సగటు ముప్ఫై చిల్లర. రావులపాలెంలో అది ఆగిన సేపు సున్నా, రోడ్డు ఖాళీ దొరికినప్పుడు అరవై. ఊరికి ఎప్పుడు చేరతామో తెలియాలంటే సగటు కావాలి. గేదె అడ్డొస్తే బ్రేకు పడుతుందా లేదా అనేది ఆ క్షణపు వేగం మీద ఉంటుంది. ఒకదాని కోసం కొలిచి ఇంకోదానికి వాడితే ఎంత మంచి పరికరమైనా బోల్తా కొట్టిస్తుంది.

బంతి: వీడియోకి పోటీ లేదు

మళ్లీ మా వాడి బౌలింగ్ దగ్గరికి వద్దాం. 0.6 సెకనుని చేత్తో కొలవడం అయ్యే పని కాదు, వేలి తేడాయే మూడో వంతు తినేస్తుంది. జీపీఎస్‌ని బంతికి కట్టలేం. మిగిలింది వీడియో.

మామూలు వీడియోలో సెకనుకి 30 బొమ్మలు ఉంటాయి. ఒక్క బొమ్మ అటో ఇటో ఎంచుకున్నామంటే 0.033 సెకను తేడా. 15 మీటర్ల మీద 90 కాస్తా 85 కావచ్చు, 95 కావచ్చు. స్నేహితుల మధ్య పందెం తెగ్గొట్టడానికి ఇది చాలదు. అదే స్లో మోషన్‌లో 240 బొమ్మలు పెట్టి తీస్తే, ఒక బొమ్మ తప్పినా 90 చుట్టూ అర కిలోమీటరు పైచిలుకు మాత్రమే మారుతుంది. 120 ఉన్నా ఫరవాలేదు. కొన్ని ఫోన్లు 240 అని చెప్పి మధ్య బొమ్మల్ని తామే అల్లి చేరుస్తాయి. అది పట్టుకోవడానికి సులువైన దారి ఉంది. ఇంకో ఫోన్‌లో స్టాప్‌వాచ్ నడిపిస్తూ దాన్ని స్లో మోషన్‌లో తీయండి. సెకనులో వందో వంతు అంకెలు బొమ్మ బొమ్మకీ సాఫీగా మారుతున్నాయో, ఒకదాని మీద ఒకటి మసకగా పడుతున్నాయో కనిపిస్తుంది.

కెమెరాని అంపైర్ వెనక పెట్టకండి. పిచ్‌కి పక్కగా, లంబంగా, వీలైనంత దూరంగా, గట్టు మీదో మోటారు షెడ్డు దగ్గరో పెట్టండి. దూరం గుర్తులు బంతి వెళ్లే దారిలోనే ఉండాలి. నాలుగు అడుగులు వెనక పాతిన కర్రని గుర్తుగా తీసుకుంటే, కెమెరా కోణం వల్ల బంతి ఇంకా రాకుండానే వచ్చినట్టు కనిపిస్తుంది.

టీవీలో చూపించే అంకెతో మాత్రం పోల్చుకోకూడదు. టీవీ వాళ్ల రాడార్ చెప్పేది చెయ్యి వదిలినప్పటి వేగం. ఆ తర్వాత గాలి కొంత, నేల తాకినప్పుడు ఇంకా ఎక్కువ తగ్గిపోతుంది. మనం గీత నుంచి గీతకి తీసేది ఆ తగ్గుదల అంతా కలిసిన సగటు. ఈ సంగతి చెప్పాకే మా వాడి ముఖం మళ్లీ విప్పారింది. "అంటే వదిలినప్పుడు వంద ఉండొచ్చు కదా మావయ్యా!" ఉండొచ్చు. నేల తాకేముందు వరకే తీసి చూస్తే తెలుస్తుందన్నాను. మర్నాడు తీశాడు. ఆ అంకె వాడి రహస్యం, నేను చెప్పను.

రాడార్ గన్ కొనాలా అని అడుగుతారు. అవతలి వస్తువు మీద పడి తిరిగొచ్చిన తరంగం ఎంత మారిందో చూసి అది వేగం చెబుతుంది. కూత పెడుతూ మనల్ని దాటిపోయే రైలు శబ్దం ఒక్కసారిగా బొంగురుపోవడంలో ఉన్నదీ ఇదే సూత్రం. రాడార్ ఎదురుగా నిలబడితేనే నిజం చెబుతుంది. ముప్ఫై డిగ్రీలు పక్కకి జరిగితే 100ని 87గా చూపిస్తుంది. రోజూ అకాడమీ నడిపేవాళ్లకి సరే, పండక్కి ఆడుకునే పిల్లలకి దండగ.

కాలువ నీళ్లు: కొబ్బరికాయ, టేపు

ఇక్కడ మాత్రం యాప్‌ల మాట ఎత్తకండి. కాలువలో నీరు గంటకి రెండు మూడు కిలోమీటర్లు నడుస్తుంది. అంత నెమ్మది వేగంలో ఫోన్ జీపీఎస్ చేసే చిన్న తప్పు కూడా శాతంలో పెద్దదవుతుంది. మన దగ్గర కాలువ గట్టు ఉంది, కొబ్బరిచెట్లు ఉన్నాయి, కావలసినంత తీరిక ఉంది. ఇంతకంటే ఏం కావాలి?

కాలువ వంపు లేకుండా సాఫీగా సాగే చోటు చూసుకోండి. గట్టు మీద టేపుతో 30 మీటర్లు కొలిచి రెండు చివరలా ఎదురొడ్డుకి సూటిగా గుర్తులు పెట్టుకోండి. మొదటి గుర్తుకి నాలుగైదు మీటర్లు ఎగువ నుంచే తేలే వస్తువుని వదలాలి, గుర్తు దగ్గరికి వచ్చేసరికి అది నీటి వేగం అందుకుంటుంది. ఏది వదలాలి అన్నదే అసలు ఎంపిక. థర్మోకోల్ ముక్క పనికిరాదు, నీటి కంటే గాలి మాటే వింటుంది. గుర్రపు డెక్క కూడా అంతే, ఆకులు తెరచాపలా పనిచేస్తాయి. పడమటి గాలి గట్టిగా వీచిన రోజు ఒక గుంపు దాదాపు నిలిచిపోయి ఉండటం చూశాను, కిందేమో నీరు చక్కగా పోతోంది. నా ఓటు కొబ్బరికాయకి. ఎక్కువ భాగం నీళ్లలో మునిగి ఉంటుంది కాబట్టి గాలికి లొంగదు. కాయ కనపడకపోతుందనుకుంటే నారింజపండు వేయండి, అది దూరం నుంచి కూడా కనిపిస్తుంది. మధ్యలో మూడుసార్లు, రెండు ఒడ్లకీ దగ్గరగా ఒక్కోసారి వదిలి సగటు తీయాలి. అంచుల్లో నీరు నెమ్మదిగా నడుస్తుంది.

30 మీటర్లకి 50 సెకన్లు పట్టిందనుకోండి. సెకనుకి 0.6 మీటరు. ఇది పైపొర వేగం. అడుగున నేల రాపిడికి నీరు వెనకబడుతుంది కాబట్టి 0.85తో గుణించడం ఆనవాయితీ, అప్పుడు 0.51 వస్తుంది. కాలువ ఆరు మీటర్ల వెడల్పు, మీటరు లోతు అయితే సెకనుకి మూడు ఘనపు మీటర్లు, అంటే సుమారు 108 క్యూసెక్కులు. శివారు భూములకి నీరు అందడం లేదని గొడవ పడే రైతులకి ఈ లెక్క పనికొస్తుంది. మావాళ్లు బోదె దగ్గర, పై తూము దగ్గర ఒకే రోజు కొలిచి మధ్యలో ఎంత పోతోందో కాగితం మీద పెట్టారు. నోటిమాట కంటే అది బలంగా పనిచేసింది. పూర్తిగా పరిష్కారమైందని అనను.

కొలతలో ఇంకా నిక్కచ్చితనం కావాలంటే కరెంట్ మీటర్ ఉంది. చిన్న గిన్నెలు బిగించిన చక్రం నీటిలో తిరుగుతుంది, అది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడతారు. పైనుంచి లోతులో 0.6 వంతు దగ్గర పెడితే ఒక్క కొలతలోనే సగటుకి దగ్గరగా వస్తుంది. లోతు ఎక్కువైతే 0.2, 0.8 వంతుల దగ్గర రెండుసార్లు తీస్తారు. నది మీద కొలతలు తీసేవాళ్లకి ఇలాంటి పరికరాలు లేకపోతే కుదరదు. మన పంట కాలువకి కొబ్బరికాయే చాలు.

వరదల రోజుల్లో వార్తల్లో వినిపించే క్యూసెక్కులు వేగం కాదని కూడా ఇక్కడే చెప్పేస్తాను. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. 1986 ఆగస్టు వరదలో 35 లక్షలు దాటింది. అది సెకనుకి ఎన్ని ఘనపు అడుగుల నీరు పోతోందో చెప్పే అంకె. ఏటి వెడల్పు, లోతు, వేగం మూడూ కలిసి అందులో ఉంటాయి. "పదిహేడు లక్షల స్పీడుతో వస్తోందంట" అని టీ కొట్టు దగ్గర వినగానే టెన్షన్ పడకండి, కానీ సామాను పైకి సర్దడం మొదలుపెట్టండి.

సముద్రం దగ్గరి ఊళ్లలో ఇంకో చిక్కు. పోటు సమయంలో మురుగు కాలువలో నీరు వెనక్కి కూడా నడుస్తుంది. పొద్దున కొలిచిన వేగం మధ్యాహ్నానికి అబద్ధమైపోతుంది. అంకె పక్కన గంట కూడా రాసుకోండి.

పడవ: జీపీఎస్, కానీ రెండుసార్లు

నరసాపురం రేవులో సఖినేటిపల్లి వెళ్లే పంటు ఎక్కినప్పుడల్లా ఫోన్ తీసి చూస్తుంటాను. గోదావరి పాయ వశిష్ఠ మీద ఆకాశమంతా తెరిచి ఉంటుంది, జీపీఎస్‌కి ఇంతకంటే మంచి చోటు లేదు. అది చెప్పేది మాత్రం ఒడ్డుతో పోల్చినప్పటి వేగం. పడవ నీటిని కోసుకుంటూ వెళ్లే వేగం వేరు.

ఒకసారి చిన్న ఇంజిను పడవలో వెళ్తుంటే, వాలుకి 11 చూపించింది, తిరిగొచ్చేటప్పుడు ఎదురుకి 7. పడవ నడిపే ఆయన్ని అడిగితే నవ్వాడు. "ఆయ్, ఇంజిను అదేనండి. ఏరే లాగుతాది, ఏరే తోస్తాది." ఆ మాటలోనే లెక్కంతా ఉంది. రెండింటినీ కలిపి సగం చేస్తే 9, అది పడవ సొంత వేగం. రెండింటి తేడాలో సగం 2, అది ఏటి వేగం. ఒక్క జీపీఎస్‌తో, ఏ కొబ్బరికాయా వదలకుండా, రెండూ తెలిసిపోయాయి. షరతు ఒకటే: రెండుసార్లూ ఇంజిను ఒకే పట్టున నడవాలి, మధ్యలో పోటు పాటులు మారకూడదు. గంట ఆగి తిరిగొస్తే లెక్క చెడుతుంది.

జీపీఎస్ లేని కాలంలో ఓడ మీదివాళ్లు చేసిందీ దాదాపు మన కాలువ పద్ధతే. చెక్క ముక్కకి తాడు కట్టి వెనక నీటిలో పడేసేవారు. తాడుకి 47 అడుగుల 3 అంగుళాలకి ఒక ముడి. 28 సెకన్ల ఇసుక గడియారం అయ్యేలోగా ఎన్ని ముళ్లు చేతిలోంచి జారాయో అన్ని నాట్‌లు. ఆంగ్లంలో నాట్ అంటే ముడే. ఒక నాట్ గంటకి 1.852 కిలోమీటర్లు. ఒకప్పుడు ఓడలు కట్టిన కోరంగి రేవుకి వచ్చిపోయిన నావికులకి ఈ తాడు చేతికి అలవాటైనదే. ఇందులో ఒక సుగుణం ఉంది, అది నీటితో పోల్చిన వేగాన్నే చెబుతుంది. జీపీఎస్ చెప్పనిది అదే.

బండి

బండికి మూడు దారులు: బండి మీటరు, ఫోన్, కిలోమీటరు రాళ్లు.

బండి మీటరు అసలు కంటే తక్కువ చూపకూడదన్నది కంపెనీలు పాటించే నియమం. అందుకని కొంచెం ఎక్కువే చూపేలా అమరుస్తారు. టైరు అరిగితే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. మా బావ బండి 60 అని చూపినప్పుడు వెనక కూర్చున్న నా ఫోన్ 55 అంది. "అయితే ఇన్నాళ్లూ నేను నిదానస్తుణ్ణేనన్నమాట" అని బావ మురిసిపోయాడు. అక్క ఒప్పుకోలేదు.

మరి ఫోన్‌ని నమ్మొచ్చా? 216 జాతీయ రహదారి లాంటి తెరిపి రోడ్డు మీద, వేగం నిలకడగా ఉంటే, బండి మీటరు కంటే ఫోన్‌నే నమ్ముతాను. జీపీఎస్ మనం ఉన్న చోటుని నాలుగైదు మీటర్లు తప్పుగా చెప్పినా, వేగాన్ని అంత తప్పు చెప్పదు. ఉపగ్రహాల నుంచి వచ్చే తరంగాల్లో మార్పు చూసి వేగాన్ని నేరుగా పట్టుకుంటుంది, ఇది రాడార్ సూత్రమే. కానీ సాధారణంగా సెకనుకి ఒకసారే అంకె మారుస్తుంది. బ్రేకు వేసినప్పుడు, ఎక్సలేటర్ తిప్పినప్పుడు అది వెనకబడి ఉంటుంది. దట్టమైన కొబ్బరితోటల్లో నడిచేవాళ్లకైతే నేను సిఫారసు చేయను. ఆకుల కింద సిగ్నల్ చెదిరి, గట్టు మీద తిన్నగా నడిచినా ఫోన్ గీసే దారి పాము మెలికలు తిరుగుతుంది. దూరం పెరిగిపోతుంది, మనం పరిగెత్తామేమో అనిపిస్తుంది. అక్కడ టేపుతో ఒక వంద మీటర్లు కొలిచి స్టాప్‌వాచ్ పట్టుకోవడమే మేలు.

ఫోన్ లేకపోతే కిలోమీటరు రాళ్లు. 3600ని సెకన్లతో భాగించడమే: రాయి నుంచి రాయికి 72 సెకన్లు పడితే గంటకి 50. పెద్ద రోడ్ల మీద మధ్యలో 200 మీటర్లకో చిన్న రాయి ఉంటుంది. కానీ 60 మీద అది 12 సెకన్లలో వచ్చేస్తుంది, కాబట్టి కిలోమీటరు పూర్తిగా తీసుకోవడమే మంచిది. ఈ పని వెనక కూర్చున్నవాళ్లదే. నడిపేవాళ్లు రోడ్డు చూడాలి.

రైలుకి మన దగ్గర ఒక విలాసం ఉంది. కొవ్వూరు నుంచి రాజమండ్రి వస్తూ ఆర్చి వంతెన ఎక్కితే కిటికీ పక్కన విల్లు లేచి దిగుతూ పోతుంది. మొత్తం 28 ఖానాలు, ఒక్కొక్కటి 97.55 మీటర్లు. పది విల్లులకి ఎంతసేపు పట్టిందో చూడండి. సరిగ్గా నిమిషం పడితే గంటకి 58 చిల్లర. ఏసీ పెట్టెలో కూర్చుంటే అద్దాల వల్ల జీపీఎస్ తరచూ తడబడుతుంది, విల్లులు తడబడవు. పట్టాల టకటక లెక్కపెట్టే పాత పద్ధతి కూడా ఉండేది. 13 మీటర్ల పట్టాలైతే 47 సెకన్లలో ఎన్ని టకటకలు వింటే గంటకి దాదాపు అన్ని కిలోమీటర్లు. ఇప్పుడు పట్టాలన్నీ అతికించి పొడుగ్గా వేస్తున్నారు, ప్రధాన లైన్ మీద ఆ చప్పుడు వినడం అరుదు.

తుపాను: ఏ వేగం?

డెల్టాలో అందరికంటే ఎక్కువమంది అపార్థం చేసుకునేది ఈ వేగాన్నే. వార్తల్లో రెండు అంకెలు వస్తాయి. "గంటకి 12 కిలోమీటర్ల వేగంతో కదులుతోంది" అని ఒకటి, "గంటకి 100 కిలోమీటర్ల వేగంతో గాలులు" అని ఇంకొకటి. మొదటిది తుపాను మొత్తం జరుగుతున్న వేగం. రెండోది దాని చుట్టూ తిరిగే గాలి వేగం, భారత వాతావరణ శాఖ దాన్ని మూడు నిమిషాల సగటుగా చెబుతుంది. మధ్యలో వచ్చే విసురు అంతకంటే గట్టిగా ఉంటుంది. 12 విని "సైకిలంత లేదు కదా" అని తేలిగ్గా తీసుకునేవాళ్లని చూశాను. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమని చూసినవాళ్లు మాత్రం అలా అనరు. నెమ్మదిగా జరిగే తుపాను అంటే ఒకే చోట ఎక్కువసేపు కూర్చుని కురిసే తుపాను కూడా.

గాలి వేగం కోసం వాతావరణ శాఖ బులెటిన్ చూడటమే సరైన పని, ఇంట్లో మనం కొలిచేది ఏమీ లేదు. జరిగే వేగాన్ని మాత్రం కాగితం మీద మనమే తీయొచ్చు, బులెటిన్‌లో కేంద్రం ఎక్కడుందో అక్షాంశం, రేఖాంశం ఇస్తారు. ఒక డిగ్రీ అక్షాంశం 111 కిలోమీటర్లు. మన వైపు సముద్రం మీద ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 107. ఉదాహరణకి ఉదయం 8.30కి కేంద్రం 14.2 ఉత్తరం, 84.6 తూర్పు అనీ, సాయంత్రం 5.30కి 14.8, 84.0 అనీ ఉందనుకోండి. ఉత్తరానికి 0.6 డిగ్రీ, అంటే 67 కిలోమీటర్లు. పడమరకి 0.6, అంటే 64. రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 93. తొమ్మిది గంటలకి 93 అంటే గంటకి పది చిల్లర.

పిల్లలు ఇక్కడ చేసే పొరపాటు, మూడు గంటలకో బులెటిన్ వస్తుంది కదా అని పక్కపక్క రెండింటినే పట్టుకోవడం. బులెటిన్‌లో స్థానం డిగ్రీలో పదో వంతు వరకే ఉంటుంది, అంటే 11 కిలోమీటర్ల మెట్టు. మూడు గంటల్లో తుపాను నడిచేది ముప్ఫై అయితే, రెండు చివరలా అంకెని పైకో కిందికో సర్దడం వల్లే మూడో వంతు దాకా తేడా రావచ్చు. తొమ్మిది పన్నెండు గంటల తేడా ఉన్న రెండు బులెటిన్లు తీసుకుంటే అది చాలావరకు తగ్గుతుంది. మరీ ఒక రోజంతా తీసుకున్నారా, మధ్యలో అది ఒంపు తిరిగి ఉంటుంది, వేగం మార్చుకుని ఉంటుంది. చిన్నప్పటి చెరుకు గానుగ బెల్లం పాకం లాంటిదిది, ఎక్కడ దించాలో చూసి దించాలి.

గడియారం వద్దనే చోటు

చివరిగా, పండగ మర్నాడు అక్కావాళ్ల పెరట్లో కొబ్బరి దింపు జరుగుతుంటే మేనల్లుడు అడిగాడు, పైనుంచి రాలే కాయ ఎంత వేగంతో పడుతుంది అని. స్టాప్‌వాచ్ తీయబోయాడు. 15 మీటర్ల చెట్టు నుంచి కాయ నేలకి రావడానికి 1.75 సెకన్లే. చేత్తో నొక్కితే పది శాతం పైగా తప్పు. వీడియో తీయొచ్చు. ఇక్కడ మాత్రం నేను ఆ రెండూ వద్దన్నాను. భూమి లాగే బలం మనకి తెలుసు కాబట్టి ఎత్తు ఒక్కటే తెలిస్తే చాలు. మీటరు కర్ర పాతి దాని నీడ కొలిచాం, 80 సెంటీమీటర్లు. చెట్టు నీడ 12 మీటర్లు. అంటే చెట్టు 15. ఎత్తుని 9.8తో గుణించి, రెట్టింపు చేసి, వర్గమూలం తీస్తే సెకనుకి 17 మీటర్లు. ఎత్తులో ఒక మీటరు తప్పినా వేగంలో మూడు శాతమే తేడా, వర్గమూలం ఆ తప్పుని సగానికి తగ్గించేస్తుంది. గాలి అడ్డం వల్ల అసలు వేగం ఇంకాస్త తక్కువ ఉంటుంది.

"గంటకి అరవై కిలోమీటర్లు" అని పైకి చదివాడు వాడు. "నాన్నా, నీ బండి కంటే ఫాస్ట్."

మా బావ ఏమీ అనలేదు. లేచి, చెట్టు కింద వేసుకున్న మడతమంచం తీసి అరుగు మీద పరుచుకున్నాడు.